ఒట్టి సెంటు

పోయిన వారం మనం ఆగేసరికి అత్తగారు ఎర్రబడింది.

కొత్తగా వచ్చి కలిసిన పాఠకులు కంగారు పడనక్కర్లేదు. ఈ అత్తగారు మనిషి కాదు, అరచేతిలో ఇమిడే నల్లటి మిషను. ఒక పక్క చిన్న గొట్టం, పైన ఒక బుల్లి దీపం. గొట్టంలోకి గట్టిగా ఊదితే, చుక్క ముట్టనివాళ్ళకి ఆ దీపం ఆకుపచ్చగా వెలుగుతుంది. ముట్టినవాళ్ళకి ఎర్రగా వెలిగి, అంతటితో ఊరుకోకుండా కీచుమంటుంది. తాగుడు మానుకున్న ఆడవాళ్ళు కొందరు కలిసి ఉంటున్న ఇల్లది. కూరగాయలకి వెళ్ళొచ్చినా, పనికి వెళ్ళొచ్చినా గుమ్మంలో నిలబడి ఊదితే తప్ప లోపలికి అడుగు పడదు. ఎక్కడికి వెళ్ళావు, ఎవరితో వెళ్ళావు, ఇంతసేపు ఏం చేశావు అని నోరు తెరవకుండానే నిలదీసే ఈ మిషనుకి అత్తగారని పేరు పెట్టింది డ్రైవరమ్మ. సిటీ బస్సు నడిపే ఆ మనిషికి అసలు అత్తగారితో బోలెడు అనుభవం ఉంది కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఇక ఆ మిషను ముందు నిలబడింది మన కత్తెర. రెడీమేడ్ బట్టలు కుట్టే చోట గుడ్డ కత్తిరించడం ఆమె పని. పొరలు పొరలుగా పరిచిన గుడ్డ మీద సుద్దతో గీత గీసి, ఆ గీత దాటకుండా కోయాలి. ఒకప్పుడు చేతులు వణికి ఆ పని పోయింది. దాని వెనకాలే ఇల్లు పోయింది. చివరికి కన్నకూతురు చెల్లెలి ఇంటికి చేరింది. ఇప్పుడు పని మళ్ళీ దొరికింది, కూతురు మాత్రం ఇంకా దొరకలేదు.

ఇన్నాళ్ళూ ఫోను చేసినప్పుడల్లా చెల్లెలు "పిల్ల బాగానే ఉంది" అని మూడు ముక్కల్లో తేల్చి పెట్టేసేది. అలాంటిది ఈ ఆదివారం మధ్యాహ్నం తనే వస్తానంది. పిల్లని కూడా తీసుకొస్తానంది, తీసుకొచ్చింది కూడా. కాకపోతే వీధి చివర బేకరీలో బల్ల మీద కూర్చోబెట్టి, చేతికో కేకు ముక్క ఇచ్చి, తనొక్కతే లోపలికొచ్చింది. ముందు తను చూస్తుందట. చూసింది నచ్చితే పిల్లని పిలుస్తుంది, నచ్చకపోతే అటునుంచి అటే బస్సెక్కించి తీసుకుపోతుంది.

చుట్టాలొచ్చిన రోజున ఆ ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. వాళ్ళు కూర్చోగానే, వాళ్ళ కళ్ళ ముందే ఒకసారి ఊదాలి. ఇది పెద్దక్క పెట్టిన పద్ధతి. పెద్దక్క ఆ ఇంటిని నడిపే మనిషి, ఒకప్పుడు తనూ ఇదే దారిన పడి లేచిన మనిషి. చుట్టాలు పైకి వానల గురించీ ఎండల గురించీ మాట్లాడుతూ, మాట మాటకీ మధ్య మెల్లగా వాసన పట్టడం ఆవిడ కళ్ళారా చూసింది. వాళ్ళు అడగలేరు, వీళ్ళు చెప్పలేరు. అందుకే ముందుగా ఊదేసి ఆ సంగతి తేల్చేసుకుంటే, తర్వాత అందరూ హాయిగా టీ తాగొచ్చని ఆవిడ ఆలోచన. ఈ ఆదివారం దాకా ఆ ఆలోచన ఒక్కసారి కూడా బెడిసికొట్టలేదు.

కత్తెర ఊదింది. అత్తగారు కీచుమంది. చెల్లెలు ఒళ్ళో ఉన్న బ్యాగుని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

ఎందుకు ఎర్రబడిందో కత్తెరకి ఆ క్షణమే తెలిసింది. కాసేపటి క్రితం డ్రైవరమ్మ ఆమెని వంటింటి వెనక బట్టలుతికే చోటికి పిలిచి, కళ్ళు మూసుకోమని, మణికట్ల మీదా మెడ మీదా బుస్సుమని సెంటు కొట్టింది. ఇన్నాళ్ళకి పిల్ల వచ్చి కావలించుకుంటే కత్తెర ఒంటి నుంచి గుడ్డ పీచు వాసనా సుద్ద వాసనా రాకూడదని డ్రైవరమ్మ ఉబలాటం. కత్తెర కూడా చిన్నపిల్లలా కళ్ళు మూసుకుని నిలబడింది. సెంటులో స్పిరిటు ఉంటుందని ఇద్దరిలో ఒక్కరికైనా గుర్తు రాలేదు.

తెలియక కాదు సుమండీ. ఆ గడపలో కాలు పెట్టిన మొదటి రోజునే చెప్పే మాట అది. సెంటు, నోరు పుక్కిలించే మందు, చేతులకి రాసుకునే మందు, గోళ్ళ రంగు తుడిచే మందు, స్పిరిటు ఉన్నదేదీ లోపలికి రాకూడదు. దొంగచాటుగా దాచుకుంటే మరీ తప్పు. లోపల ఏముందన్నది తర్వాతి సంగతి, దాచిన సీసా దాచిన సీసానే అంటుంది పెద్దక్క. అలా సీసా దాచిన మనిషి మంచం ఖాళీ చెయ్యాల్సి ఉంటుంది. ఇవన్నీ నోటికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళూ ఆ పూట అన్నీ మరిచిపోయారు. సంతోషం కూడా తాగుడు లాగే మనిషి మతి పోగొడుతుంది మరి.

'అది సెంటు' అన్న మాట కత్తెర నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకాగిందో కొంచెం సేపట్లో మీకే తెలుస్తుంది.

పెద్దక్క గొంతు పెంచలేదు. మిషను కూడా ఒక్కోసారి పొరపాటు పడుతుందనీ, అందుకే రెండోసారి ఊదాకే ఏ మాటైనా అనుకోవాలనీ చెల్లెలికి చెప్పింది. కత్తెర చేతులూ మొహం సబ్బుతో కడుక్కుని, ఇన్ని మంచినీళ్ళు తాగి, పావుగంట కూర్చోవాలి. తర్వాత మళ్ళీ ఊదాలి. చెల్లెలు తల ఊపి, అక్క కోసం కూర్చోవడం తనకేం కొత్త కాదని మెల్లగా అంది. పెద్దక్క ఆ మాట విననట్టే మిషను తుడవడానికి వసారాలోకి వెళ్ళింది.

కత్తెర చేతులు కడుక్కొచ్చి ఎదురుగా కూర్చుంది. ముందుగది చిన్నది. గోడ వారన చెప్పుల స్టాండు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, కిటికీ పక్కన అందరూ వాడుకునే కుట్టు మిషను. దాని మీద కత్తెర ఈ రోజు కోసమే కుట్టుకున్న చొక్కా తాలూకు గుడ్డ ముక్కలు ఇంకా పడి ఉన్నాయి. ఆ లేత నీలం చొక్కా ఇప్పుడు ఆమె ఒంటి మీదే ఉంది. చేతులకి అంటిన సెంటు సబ్బుతో పోయింది కానీ, కాలరుకి పట్టింది ఎక్కడికి పోతుంది?

"నువ్వు ఊదకముందే నాకు తెలిసిందక్కా," అంది చెల్లెలు. "గుమ్మంలోనే సెంటు వాసన కొట్టింది."

కత్తెర తల దించుకుంది.

చెల్లెలికి ఆ వాసనతో చాలా పాత లెక్కలున్నాయి. తాగి ఇంటికొచ్చే రోజుల్లో కత్తెర సగం సీసా సెంటు ఒంటి మీద గుమ్మరించుకునేది. ఏమిటీ వాసన అని పిల్ల అడిగితే సెంటు తల్లీ అనేది. బడిలో తల్లిదండ్రుల్ని పిలిచిన రోజున కూడా అలాగే వెళ్ళింది. పంతులమ్మ మాట్లాడుతుంటే కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయింది. క్లాసు పిల్లలందరూ చూస్తుంటే, పిల్ల లేచి మా అమ్మ తాగలేదు, ఒట్టి సెంటే అని ఏడుస్తూ చెప్పింది. ఆ మాట తల్లే నేర్పింది కదా. ఆ తర్వాత ఆ పిల్ల సెంటు వాసన వస్తే చాలు, గదిలోంచి లేచి వెళ్ళిపోయేది. చెల్లెలి మొగుడికి ఎవరో సెంటు సీసా బహుమతిగా ఇస్తే, ఆ సీసా ఇంట్లోంచి పోయేదాకా పిల్ల బాత్రూము తలుపు తియ్యలేదట. ఇదంతా చెల్లెలు చెబుతుంటే కత్తెర చెయ్యి కాలరు మీదికి వెళ్ళింది. సెంటు వాసనకి కూతురు పారిపోతుందన్న సంగతి ఆమెకి అప్పటిదాకా తెలియదు.

"దానికి ఇదే వాసన చూపిద్దామనుకున్నావా?" అని అడిగింది చెల్లెలు. గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ ఉంది. "నీ దగ్గర ఎప్పుడూ ఒక పేరుండేదక్కా. పక్కింటావిడ ఇచ్చిన దగ్గు మందనేదానివి. పనిలో ఎవరో బలవంతం చేశారనేదానివి. డాక్టరు రాశాడనేదానివి. నేను వెళ్ళి ఆ పక్కింటావిడతో పోట్లాడాను కూడా. పాపం, ఆవిడకేమీ తెలియదు. సరే, ఇవాళ ఎవరి పేరు చెప్తావో చెప్పు, వింటాను."

వంటింట్లో టీ పెడుతున్న డ్రైవరమ్మకి ఈ మాటలన్నీ వినపడుతున్నాయి. గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆ సంగతి కత్తెర గమనించింది.

ఇదీ ఆమె ఇరుక్కున్న చోటు. జరిగింది జరిగినట్టు చెబితే అది అచ్చంగా పాత అబద్ధమే. అదే సెంటు, అదే పక్కవాళ్ళ పేరు. ఒకవేళ చెల్లెలు నమ్మినా, దాచిన సీసా బయటపడి డ్రైవరమ్మ మంచం పోతుంది. డ్రైవరమ్మకి ఈ ఇల్లు తప్ప ఇంకో గడప లేదని కత్తెరకి బాగా తెలుసు. చెప్పకపోతే మాత్రం, వీధి చివర కేకు తింటున్న పిల్ల అటునుంచి అటే బస్సెక్కేస్తుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. ఒక్క పేరు చెబితే ఒడ్డున పడొచ్చని ఆశ పుట్టింది. వెనకటి కత్తెర అయితే ఆ పేరు ఎప్పుడో చెప్పేసి ఉండేది.

"నేను తాగలేదు," అంది కత్తెర.

"మరి?"

"అంతే. ఎవరి పేరూ లేదు. నువ్వు నమ్మకపోతే నిన్నేమీ అనను. నీ స్థానంలో ఉంటే నేనూ నమ్మను."

చెల్లెలు ఒక పెద్ద పోట్లాటకి సిద్ధమై వచ్చింది. ఏడుపులు వస్తాయని, ఒట్లు వస్తాయని, ఎవరెవరి మీదో నిందలు వస్తాయని దారి పొడుగునా జవాబులు కూర్చుకుని మరీ వచ్చింది. ఇప్పుడు ఆ జవాబులు ఎక్కడ పెట్టాలో తెలియక బ్యాగు జిప్పుని ఊరికే ఇటూ అటూ లాగింది.

అప్పుడు వంటింట్లోంచి డ్రైవరమ్మ వచ్చింది. బస్సు స్టీరింగు తిప్పి తిప్పి రాటుదేలిన ఆ చేతిలో వేలెడంత సెంటు సీసా ఉంది. నిండా ఉంది, మెడ దగ్గర మాత్రం కాస్త తగ్గింది. వసారా వైపు తిరిగి పెద్దక్కని పిలిచి, సీసాని కుట్టు మిషను మీద అందరికీ కనపడేలా పెట్టింది.

"ఇది నాది," అంది. "కత్తెర ఒంటికి నేనే కొట్టాను. తనకి నేను దాచిన సంగతి కూడా ఇవాళే తెలిసింది."

పెద్దక్క లోపలికొచ్చి సీసా వంక చూసింది, డ్రైవరమ్మ వంక చూసింది. ఎక్కడ దాచావని అడిగింది. యూనిఫాం బూటులో, మేజోడు లోపల అని జవాబొచ్చింది. ఎందుకు కొన్నావని అడిగేసరికి మాత్రం, ఎప్పుడూ నోరు మూతపడని ఆ మనిషికి మాట తడబడింది.

బస్సు మళ్ళీ చేతికొచ్చాక మొదటి జీతంతో కొందట. వెనకటి రోజుల్లో బస్సెక్కినవాళ్ళు తన పక్కనుంచి వెళ్తూ ముక్కు మూసుకునేవారట. ఈసారి వాళ్ళు ఆగి, ఎంత మంచి వాసన అనుకోవాలని ఆశపడింది. తీరా కొన్నాక, డిపోలోనూ ఊదిస్తారు, ఇంట్లోనూ ఊదిస్తారు, ఇంకెక్కడ కొట్టుకోవాలి? పారెయ్యడానికి మనసొప్పలేదు. సెలవు రోజున మూత తీసి ఒకసారి వాసన చూసుకుని మళ్ళీ బూటులో పెట్టేసేదట. సొంత ఒంటి మీద ఒక్క చుక్క కూడా వేసుకోలేదు. మొదటిసారి బయటికి తీసింది కత్తెర కూతురి కోసమే.

"సీసా దాచే బుద్ధి పోలేదు, అక్కా," అంది పెద్దక్కతో. "లోపల సరుకు ఒక్కటే మారింది. మంచం ఖాళీ చెయ్యమంటే చేస్తాను. దీని కూతుర్ని మాత్రం వెనక్కి పంపకండి."

పెద్దక్క సీసాని తన కొంగులో మూటకట్టుకుని, ఆ సంగతి సాయంత్రం ఇంట్లో అందరం కూర్చున్నప్పుడు మాట్లాడుకుందామంది. డ్రైవరమ్మ తల ఊపింది. ఆమె కళ్ళు చెమర్చాయి, కానీ మొహంలో మాత్రం బరువు దించుకున్న తేలిక ఉంది. తర్వాత పెద్దక్క కత్తెర వైపు తిరిగింది.

"నీకు సెంటు వల్లనని తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

కత్తెర చెల్లెలి వైపు చూసి జవాబిచ్చింది. "నిజమే చెప్పినా నా నోట్లోంచి వస్తే పాత మాటలాగే ఉంటుంది. దానికోసం తన మంచం పోగొట్టడం నాకిష్టం లేదు."

పావుగంట కాగానే పెద్దక్క కత్తెరని వసారాలోకి నడిపించి గాలికి ఎదురుగా నిలబెట్టింది. మెడ చుట్టూ తడి తువాలు కప్పి, మిషను తనే చేత్తో దూరంగా పట్టుకుని ఊదమంది. కత్తెర ఊపిరంతా కూడదీసుకుని ఊదింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. పెద్దక్క ఇంకోసారి ఊదించింది. మళ్ళీ ఆకుపచ్చే. గుమ్మంలో నిలబడ్డ డ్రైవరమ్మ, అత్తగారు శాంతించిందని గొణిగి, ఇది జోకులేసే సమయం కాదని గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చిత్రం ఏమిటంటే, చెల్లెలు ఆ దీపాన్ని సరిగ్గా చూడనే లేదు. ఆమె అక్క మొహమే చూస్తోంది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి గాజు గ్లాసు పగలగొడితే, పెద్దదై ఉండి కూడా అక్క చెల్లెలి పేరే చెప్పేది. అంత చిన్ననాటి అలవాటది. ఇవాళ చేతిలో నిజమైన పేరు పెట్టుకుని కూడా ఆ మనిషి నోరు మెదపలేదు. దీపానికి చెల్లెలి దగ్గర ఎంత విలువుందో నాకు తెలియదు కానీ, ఆ పేరు చెప్పకపోవడానికి మాత్రం చాలా ఉంది. ఆమె వచ్చి అక్క మెడ మీది తడి తువాలు తీసి, కాలరు సర్ది, ఆ చొక్కా ఎవరు కుట్టారని అడిగింది.

"నేనే."

"కుట్టు తిన్నగా పడింది," అంది చెల్లెలు. ఇన్నాళ్ళలో అక్కని మెచ్చుకుంటూ ఆమె అన్న మొదటి మాట అదే. కత్తెర దాన్ని లోపల భద్రంగా దాచుకుంది. అలాంటివి దాచుకోవచ్చు, పెద్దక్క ఏమీ అనదు.

పిల్లని తీసుకొస్తానని చెల్లెలు చెప్పులేసుకోబోయింది. కత్తెర ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, చొక్కా మార్చుకుని వచ్చేదాకా ఆగమంది. ఆ వాసనతో పిల్ల ముందుకి వెళ్ళనంది. రెండు నిమిషాల్లో వచ్చేస్తానని మేడ మెట్ల వైపు గబగబా నడిచింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, వెనకనుంచి వీధి గేటు గొళ్ళెం చప్పుడు వినిపించింది.

కేకు ఎప్పుడో అయిపోయింది. బల్ల మీద కూర్చుని కూర్చుని విసుగెత్తిన పిల్ల, పిన్ని ఏ గేట్లోకి వెళ్ళిందో దూరం నుంచే చూసుకుని, తనంతట తనే నడుచుకుంటూ వచ్చేసింది. పొడుగైంది. జడలు పోయి జుట్టు భుజాల దాకా కత్తిరించి ఉంది. పెదవి పక్కన కేకు క్రీము అంటుకుని ఉంది. తల్లి కంటికి మొదట ఆనింది ఆ క్రీమే.

పిల్ల గుమ్మంలోకి ఒక అడుగు వేసి, చటుక్కున ఆగిపోయింది. ముక్కు ముడుచుకుంది. మొహంలో రంగు మారి, వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

చెల్లెలు ఏదో సర్దిచెప్పబోతే కత్తెర చేత్తో వద్దంది. ఈ ఒక్క సంగతీ తనే చెప్పాలి.

"సెంటు వాసన వస్తోంది కదా," అంది అక్కడే నిలబడి. "వస్తోంది తల్లీ. నా చొక్కాకే ఉంది. ఈ సెంటు మాట విని విని నీకు విసుగొచ్చి ఉంటుంది. నా మాట నమ్మమని నేను అడగను. నీకు లోపలికి రావాలని లేకపోతే రావద్దు."

పిల్ల లోపలికి రాలేదు. వెళ్ళిపోనూ లేదు. ఆమె కళ్ళు పెద్దక్క చేతిలో ఉన్న నల్లటి మిషను మీద పడ్డాయి. అదేమిటని అడిగింది. పెద్దక్క నోరు విప్పేలోపే డ్రైవరమ్మ అందుకుని, అది ఈ ఇంటి అత్తగారనీ, పొట్టలో ఏముందో ఊపిరిని బట్టి చెప్పేస్తుందనీ, తన లాంటి గయ్యాళినే గడగడలాడిస్తుందనీ వివరించింది. మందు తాగకపోతే ఆకుపచ్చ, తాగితే ఎరుపు. పిల్ల అంతా శ్రద్ధగా వింది. అత్తగారన్న మాటకి పెదవి చివర కొంచెం వంకర పోయింది, కానీ నవ్వలేదు.

"నేను పట్టుకుంటాను," అంది చెయ్యి చాపి.

పెద్దక్క ఒక్క క్షణం ఆలోచించి మిషను ఆ చిన్న చేతిలో పెట్టింది. ఎక్కడ నొక్కాలో, ఎంత దూరంలో పట్టుకోవాలో చూపించింది. కత్తెర గుమ్మం దాటి వసారాలోకి వచ్చి, కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కాసేపటి క్రితం రెండుసార్లు ఆకుపచ్చ చూసిన మనిషే అయినా, ఎందుకైనా మంచిదని కాలరు వెనక్కి మడుచుకుంది. పిల్ల రెండు చేతులతో మిషను గట్టిగా పట్టుకుని, తల్లి కళ్ళలోకి చూస్తూ ఊదమంది.

కత్తెర ఊదింది.

దీపం ఆకుపచ్చగా వెలిగినా పిల్ల చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది, ఎర్రగా మారుతుందేమోనని కాచుకున్నట్టు. మారలేదు. అప్పుడు మిషను పెద్దక్కకి ఇచ్చేసి, మెల్లగా దగ్గరికొచ్చి, తల్లి మెడ దగ్గర మొహం పెట్టి వాసన చూసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. వెనక ఇంకేదో వాసన దాక్కుని ఉందేమోనని బాగా వెతికింది. వెతికినంతసేపూ కత్తెర ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"ఈసారి ఒట్టి సెంటే," అంది పిల్ల.

కత్తెర ఇంక ఆగలేక కూతుర్ని దగ్గరికి లాక్కుంది. పిల్ల చేతులు కాసేపు ఎటూ కాకుండా వేలాడి, తర్వాత వచ్చి తల్లి వీపు మీద వాలాయి. కేకు క్రీము కొత్త చొక్కాకి అంటుకుంది. టీ పొంగుతున్న వాసన రావడంతో డ్రైవరమ్మ వంటింట్లోకి పరిగెత్తింది, కళ్ళు తుడుచుకోవడానికి కూడా అదే మంచి సాకు.

అందరూ ముందుగదిలో కూర్చుని టీ కప్పులు అందుకున్నాక, పిల్ల తల్లి పక్కకి జరిగి, ఆ ఇంట్లో పిల్లలుండొచ్చా అని అడిగింది. ఇక్కడ పిల్లలకి మంచం ఉండదని, ఇంకొన్నాళ్ళు పోయాక వేరే ఒక చిన్న గది తీసుకోవాలని తనకి ఆశగా ఉందని కత్తెర చెప్పింది. ఎందుకడిగావని నవ్వుతూ జుట్టు సవరించింది. పిల్ల పిన్ని వైపు చూసింది. చెల్లెలు కప్పు కింద పెట్టేసింది.

"అది నేను చెప్తానన్నాను కదా," అంది పిల్లతో.

"నువ్వు చెప్పడం లేదు కదా పిన్నీ," అంటూ పిల్ల తల్లి వైపు తిరిగింది. "బాబాయికి బదిలీ అయిందమ్మా. చాలా దూరం. వాళ్ళందరూ వెళ్ళిపోతున్నారు. మాతో వస్తావా, మీ అమ్మ దగ్గర ఉంటావా అని పిన్ని నన్నడిగింది."

కత్తెర చేతిలో టీ కప్పు వణికింది. తాగుడు మానాక ఆ చెయ్యి వణకడం అదే మొదటిసారి. పెద్దక్క వంక చూసింది, చెల్లెలి వంక చూసింది, చివరికి కూతురి వైపు తిరిగింది.

"నేను చెప్పేశాను," అంది పిల్ల. "నేను చెప్పింది విన్నాకే పిన్ని నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది."